సన్న గీత నిలవడం లేదా? చేతి రబ్బరు స్టాంపుల్లో సమస్యలు - పరిష్కారాలు

ఎరేజరు రబ్బరు మీద స్టాంపులు చెక్కడం కాస్త చేతికి అలవాటయ్యాక అందరూ అడిగేది ఒకటే: "ఇంతకంటే సన్న టూల్ వైజాగ్‌లో ఎక్కడ దొరుకుతుందండీ?" నా జవాబు చాలామందికి నచ్చదు. లినోకట్ (లినోలియం పలక చెక్కి అచ్చు వేసే పని) సెట్టులో వచ్చే 1వ నంబరు వి-బ్లేడు ఒకటి, 11వ నంబరు సర్జికల్ బ్లేడు ఒకటి. కింద వి-టూల్ అన్నది మొదటిదాన్ని, ఉత్త బ్లేడు అన్నది రెండోదాన్ని. ఈ రెండూ పదునుగా ఉంటే అర మిల్లీమీటరు గీతను కూడా నిలబెట్టొచ్చు. పదును లేకపోతే జపాన్ నుంచి తెప్పించిన టూలూ ఇంతే. కాబట్టి డబ్బు ఖర్చు పెట్టేముందు మీ స్టాంపులో అసలు ఏం చెడుతోందో చూడండి.

ముందు ఒక తేడా తెలియాలి. అచ్చులో తెల్లగా కనిపించే గీత మనం తవ్వేసినది. దానికి వి-టూల్‌తో ఒక్క లాగు చాలు. అచ్చులో రంగుతో పడే గీత మనం వదిలేసినది. దానికి రెండు పక్కలా కొయ్యాలి, ఆ పని బ్లేడుది. సన్న గీతలు చెడిపోయిన స్టాంపులు ఎవరు తెచ్చి చూపించినా, ఎక్కువగా కనబడేది బ్లేడు పనికి వి-టూల్ వాడటమే.

అంచు కోసినట్టు లేదు, చిరిగినట్టు ఉంది

తప్పు రబ్బరుదా, టూల్‌దా అన్నది ముందు తేల్చాలి. ప్యాకెట్లోంచి అప్పుడే తీసిన కొత్త బ్లేడుతో రబ్బరు మూల ఒక గాటు పెట్టండి. అది కూడా గరుగ్గా, పొడి రాలుతూ వచ్చిందంటే రబ్బరే పనికిరాదు. నున్నగా, మెరుస్తూ వచ్చిందంటే మీ టూల్ మొద్దుబారింది.

రబ్బరు విషయం త్వరగా తేలిపోతుంది. వినైల్ రకం తెల్ల ఎరేజర్లు నున్నగా తెగుతాయి. డస్ట్-ఫ్రీ అని రాసి ఉన్నవి సాధారణంగా ఈ రకమే. ఏళ్ల తరబడి సొరుగులో పడి ఎండిపోయినవి పొడిపొడి అవుతాయి. సగం ఎరుపు, సగం నీలం ఉండే ఎరేజరు జోలికి మాత్రం వెళ్లకండి. ఆ నీలం వైపు సిరా గీకడానికి గరుకుపొడి కలిపి ఉంటుంది, ఒక్క గాటుకే బ్లేడు అంచు పోతుంది. పూర్ణా మార్కెట్లో హోల్‌సేల్‌గా పెట్టె కొనేముందు విడిగా రెండు మూడు రకాలు తెచ్చి కోసి చూసుకోండి. చెక్కడానికనే అమ్మే ఖరీదైన కార్వింగ్ బ్లాకే కావాలన్న నియమం లేదు. జపాన్‌లో నాన్సీ సెకి (1962-2002) టీవీ గురించి రాసే కాలమ్‌లకు ప్రముఖుల ముఖాలను ఎరేజర్ల మీదే చెక్కి అచ్చు వేసుకునేవారు.

టూల్ మొద్దుబారితే ప్రతిసారీ రాయి మీద సాన పెట్టక్కర్లేదు, తోలు మీద రుద్దితే చాలు. పాత తోలు బెల్టు ముక్కను చెక్కకు అంటించండి. గరుకు వైపు పైకి ఉండాలి. దానికి స్టీలు మెరుగుపెట్టే పచ్చరంగు పాలిష్ కడ్డీ పట్టించండి. టూల్‌ను ఎప్పుడూ వెనక్కే లాగాలి, ముందుకు తోస్తే తోలు తెగుతుంది. వి-టూల్‌కు రెండు చెంపలూ సమానంగా రుద్దాలి. లోపలి వైపుకు పెళ్లికార్డు ముక్కను మడిచి, ఆ మడతకు పాలిష్ పూసి, గాడిలో పెట్టి లాగండి. పని మొదలెట్టే ముందు ఒకసారి, మధ్యలో చేతికి బరువు తెలిసినప్పుడల్లా ఒకసారి చేస్తే రాయి అవసరం చాలా తగ్గుతుంది.

వి-టూల్ ముందు జారుతుంది, తర్వాత ఒక్కసారిగా దిగబడుతుంది

టేబుల్ ల్యాంపు కింద టూల్ అంచును మీ కంటికి ఎదురుగా పట్టుకుని చూడండి. పదునున్న చోట అంచు మెరవదు. ఎక్కడ చిన్న తళుకు కనిపిస్తే అక్కడ మొద్దు. కురుపాం మార్కెట్ బంగారు పనివాళ్లు కంటికి పెట్టుకునే లూప్ (చిన్న భూతద్దం) లాంటిది ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది.

ఎక్కువగా చెడేది వి అడుగున, రెండు చెంపలూ కలిసే మూల. అక్కడ లోహం మందంగా ఉంటుంది. చెంపలు రెండే సాన పెట్టి ఈ మూలను వదిలేస్తే అక్కడ చిన్న ముక్కు పొడుచుకొస్తుంది. టూల్ జారేదీ, దిగబడేదీ దాని వల్లే. గాజు పలక మీద 2000 నంబరు వాటర్ పేపరు పరిచి, నీళ్లు చల్లి, ఆ మూలను అటూఇటూ మెల్లగా దొర్లిస్తూ వెనక్కి లాగండి. ముక్కు పోగానే ఆపేయాలి. ఎక్కువ రుద్దితే ముక్కు బదులు గంటు పడుతుంది. గంటు పడితే టూల్‌ను నిటారుగా నిలబెట్టి అంచంతా ఒకే మట్టానికి అరగదీసి, చెంపలు మళ్లీ మొదటి నుంచి సాన పెట్టాలి. అది ఓపిక పని.

ముక్కూ గంటూ లేకపోయినా దిగబడుతోందంటే పిడి మరీ నిటారుగా పట్టుకుంటున్నారన్నమాట. పిడిని కిందికి దించండి. వి-టూల్ ఎంత లోతుకు పోతే గీత అంత వెడల్పవుతుంది. అంటే సన్న గీతకు వేరే టూల్ అక్కర్లేదు, ఉన్నదాన్నే పైపైన నడిపించాలి. తీసిన తునక వెంట్రుకలా సన్నగా, తెగకుండా వస్తే లోతు సరిగ్గా ఉన్నట్టు.

నిలబడాల్సిన గీత ఒత్తగానే పక్కకు వాలుతోంది

అచ్చులో గీత ఒకసారి సన్నగా, ఒకసారి లావుగా, ఒకసారి వంకరగా పడుతుంది. నాలుగు అచ్చులు వేసేసరికి ముక్క ఊడొస్తుంది. గీత అడుగును కోసేయడం వల్ల వచ్చే జబ్బు ఇది. వదిలేసిన గీత పొలం గట్టులా ఉండాలి, పైన సన్నం, కింద వెడల్పు. బ్లేడును తప్పు వైపు వంచితే అది తలకిందులై పైన వెడల్పు, కింద సన్నం అవుతుంది. పైనుంచి చూస్తే అంతా బాగానే కనబడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

బ్లేడు పిడి ఎప్పుడూ గీత మీదికి వాలి ఉండాలి, మొన గీతకు దూరంగా పోవాలి. అలా ఒక గాటు పెట్టాక, కాస్త ఎడంగా రెండో గాటును ఎదురు వాలుతో పెడితే రెండూ అడుగున కలుస్తాయి. మధ్య రబ్బరు సన్నటి పోగులా పైకి లేచి వస్తుంది. లేవకపోతే వేలితో పీకకండి, గాట్లు ఎక్కడో కలవలేదు. పీకితే గీత కూడా దానితోపాటే వస్తుంది. ఆగిన చోట మళ్లీ మొన ఆనించి తెంపండి.

లోతు మీద అనవసరమైన మోజు వద్దు. సన్న గీతల పక్కన 1 మిల్లీమీటరు చాలు. పెద్ద ఖాళీల్లోనే 2 దాకా వెళ్లండి. ఒకసారి అడుగు తెగిన గీతను బాగుచేసే దారి లేదు. దాన్ని కోసేసి ఆ చోట తెల్ల గీతగా డిజైను మార్చుకోవడమే.

బ్లేడు గురించి ఒక మాట. 11వ నంబరు బ్లేడుకు 3వ నంబరు హ్యాండిల్ సరిపోతుంది. 4వ నంబరుది పెద్ద బ్లేళ్లకు. వైజాగ్ కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) చుట్టుపక్కల సర్జికల్ షాపుల్లో రెండూ దొరుకుతాయి. "ఏ హాస్పిటల్‌కండీ?" అని అడుగుతారు, "రబ్బరు చెక్కడానికండీ" అంటే ఒకసారి ఎగాదిగా చూసి ఇస్తారు. బ్లేడును ఎక్కించడానికీ తియ్యడానికీ వేళ్లు వాడొద్దు, ముక్కుపటకారుతో పట్టుకోండి.

గుండ్రటి అక్షరాలు పలకలు పలకలుగా వస్తున్నాయి

ఇంగ్లీషు అక్షరాలు చెక్కే వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లకు తెలుగు దగ్గర వచ్చే ఇబ్బంది ఇది. మన లిపిలో తిన్నని గీతలు తక్కువ, అన్నీ ఒంపులే. బ్లేడును తిప్పితే ప్రతి ఆగుడు దగ్గరా ఒక మూల పడుతుంది. తిప్పాల్సింది రబ్బరును. బ్లేడున్న చెయ్యి టేబుల్ మీద ఆనించి కదలకుండా ఉంచండి, రెండో చేత్తో రబ్బరును మెల్లగా తిప్పండి. కింద పాత క్యాలెండరు కాగితం నున్న వైపు పైకి వేస్తే రబ్బరు సులువుగా తిరుగుతుంది. ఒంపు బిగువైన కొద్దీ పిడిని నిలువుగా లేపితే రబ్బరులో ఉండే బ్లేడు భాగం తగ్గి మలుపు తేలికవుతుంది. ఎంత లేపినా గీత మీదికి ఉన్న వాలు మాత్రం పోకూడదు.

వరుస కూడా ముఖ్యమే. ముందు అక్షరం లోపలి ఖాళీలు, తర్వాతే బయటి అంచు. చుట్టూ రబ్బరు ఉన్నంతసేపు లోపల ఎంత చిన్న పనైనా గీత కదలదు. బయట ముందు తీసేస్తే మ, ఘ, ఝ లాంటివి చెక్కుతున్నంతసేపూ ఊగుతూనే ఉంటాయి. తలకట్టుకీ అక్షరానికీ మధ్య సందును మాత్రం వి-టూల్‌తో ఒక్క లాగులో తియ్యండి. అందరూ అడిగే "శ్రీ"లో తంటా అంతా కింద చుట్టుకొచ్చే రావత్తు దగ్గరే. దానికీ అక్షరానికీ మధ్య గీత మందమంత ఖాళీ అయినా లేని ఫాంటు తీసుకోకండి. ఒత్తులున్న పేరును 6 మిల్లీమీటర్ల ఎత్తులో చెక్కమని ఎవరైనా అడిగితే నేను ఒప్పుకోను, జిరాక్సులో పెద్దది చేసి చూపించి ఒప్పిస్తాను.

గీతలు అనుకున్నదానికంటే లావుగా వస్తుంటే పెన్సిలును అనుమానించండి. 0.5 పెన్సిలు గీతకే అర మిల్లీమీటరు మందం ఉంటుంది. గీత బయటి అంచున కోస్తున్నారా, లోపలి అంచునా అన్నది మొదటే నిర్ణయించుకుని చివరిదాకా దానికే కట్టుబడాలి.

ఠ, థ లలో చుక్క ఊడిపోతోంది

చుక్క ఊడితే "కథ" కాస్తా "కధ" అవుతుంది. చాలామంది అలాగే రాస్తారు కాబట్టి పట్టుబడకపోవచ్చు గానీ, "పీఠం" అయితే దొరికిపోతారు.

ఇంత చిన్న చుక్కను బ్లేడుతో గుండ్రంగా చెక్కడం దండగ. వాడని, కొత్త 18 గేజ్ ఇంజెక్షన్ సూది తీసుకోండి. దాని బయటి వ్యాసం 1.27 మిల్లీమీటర్లు, లోపలి బోలు దాదాపు 0.84. ఏటవాలుగా ఉన్న మొనను నూనె రాయి మీద నిలువుగా రుద్ది చదును చేస్తే గుండ్రటి అంచు వస్తుంది. చుక్క ఉండాల్సిన చోట నిటారుగా ఆనించి, అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువగా గుచ్చి, సగం చుట్టు తిప్పి పైకి తీయండి. బోలులోకి వెళ్లిన రబ్బరు చుక్కగా నిలబడి ఉంటుంది. దాని చుట్టూ ఉన్నది బ్లేడు మొనతో తీసేయాలి. లోతు పెరిగితే చుక్క స్తంభమై ఊగుతుంది, ఊడేది అందుకే. పెద్ద సున్నాలకు పాత రేడియో యాంటెనా గొట్టాలు బాగుంటాయి, ఒక్కో ముక్క ఒక్కో సైజు. సూదిని పని అయ్యాక మూతపెట్టి డబ్బాలో ఉంచండి, చెత్తలో విడిగా పడేయకండి.

ఖాళీ ఉండాల్సిన చోట చారలు పడుతున్నాయి

వి-టూల్‌తో ఖాళీ తవ్వితే రెండు లాగుల మధ్య చిన్న మెట్ట మిగులుతుంది, అదే అచ్చు పడుతుంది. అడుగు గుండ్రంగా ఉండే యు-గౌజ్ (గాడి ఉలి) కావాలి. అక్షరాల సందుల్లో పట్టేంత చిన్నది సెట్లలో రాదు. పాత గొడుగు ఊచతో మీరే చేసుకోవచ్చు. గొడుగు ఊచ గాడిలా వంగి ఉంటుంది. ఆ ఆకారంలో ఉక్కు ఊచలను 1852లో ఇంగ్లండ్‌లో శామ్యూల్ ఫాక్స్ తెచ్చాడు. తాతల కాలపు పొడుగు నల్ల గొడుగు అయితే మంచిది. మడత గొడుగుల ఊచలు మెత్తన, పదును నిలవదు. వేలెడు ముక్క కోసి, గాడి బయటి వైపు ఏటవాలుగా సాన పెట్టి, పిడికి బిగించండి. పిడికి ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర ముక్క దొరికితే అంతకంటే తేలిగ్గా చెక్కుడుపడే కర్ర నాకు తెలియదు.

చారలకు ఇంకో కారణం ఇంకు. స్టాంపును ప్యాడ్‌లోకి అదమకండి. స్టాంపును వెల్లకిలా పెట్టి ప్యాడ్‌నే దాని మీద తట్టండి. సన్న సందులు ఇంకుతో పూడుకుపోవడం కూడా దీనితోనే తగ్గుతుంది. పూడిన సందులను సబ్బునీళ్లు, మెత్తటి టూత్‌బ్రష్‌తో కడగాలి. పెట్రోలు, థిన్నరు వద్దు, రబ్బరు ఉబ్బుతుంది.

ఎండాకాలంలో రబ్బరు సాగుతోంది, బ్లేళ్లు తుప్పుపడుతున్నాయి

మే నెలలో వినైల్ మెత్తబడి బ్లేడు వెంట సాగుతుంది. చెక్కే ముందు పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, పైన చేరిన తేమ తుడిచి మొదలెట్టండి. తుప్పు సముద్రం పక్కన ఉన్నవాళ్లకు తప్పనిది. కార్బన్ స్టీలు బ్లేళ్లకు త్వరగా పడుతుంది, స్టెయిన్‌లెస్ అని ఉన్న ప్యాకెట్ అడిగి తీసుకోండి. గౌజ్‌లకు కుట్టుమిషను నూనె రాసి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టండి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు జిగటగా పేరుకుంటుంది. వాడే ముందు నూనె పూర్తిగా తుడవాలి.

చెక్కిన స్టాంపులను ప్లాస్టిక్ డబ్బాలో నేరుగా పెట్టొద్దు. వినైల్‌లో మెత్తదనం కోసం కలిపిన పదార్థం ప్లాస్టిక్‌ను కరిగించి అతుక్కుంటుంది, ఒకదానికొకటి కూడా అంటుకుంటాయి. బటర్ పేపర్లో చుట్టి రేకు డబ్బాలో వేయండి.

అచ్చు తిరగబడి పడింది

దీనికి టూల్‌తో పని లేదు. డిజైను మీద ట్రేసింగ్ పేపరు పెట్టి మెత్తటి పెన్సిలుతో గీసి, గీసిన వైపు రబ్బరుకు ఆనేలా బోర్లించి గోటితో రుద్దితే దానంతటదే తిరగబడుతుంది. నేరుగా రబ్బరు మీద రాసుకున్నవాళ్లు మొదటి గాటుకు ముందు సెల్‌ఫోన్ సెల్ఫీ కెమెరాకు చూపించి, స్క్రీన్ మీద అక్షరాలు సరిగ్గా చదవగలుగుతున్నారో లేదో చూసుకోండి. కొన్ని ఫోన్లు ఫోటో తీశాక బొమ్మను తిప్పేస్తాయి కాబట్టి ఫోటో తీసి చూడకండి, కెమెరా తెరిచి ఉండగానే చదవండి.