మ్యాప్ చూస్తూ వేల్స్ – 2వ పాఠం: ఊరి పేరులో ఏరు

పోయినసారి సరిహద్దులు గీశాం: తూర్పున ఇంగ్లండ్, మిగతా మూడు వైపులా సముద్రం. 2021 లెక్కల ప్రకారం జనాభా సుమారు 31 లక్షలు. అందులో వెల్ష్ వచ్చినవాళ్లు 5.38 లక్షలే అయినా బోర్డుల మీద చాలా ఊరి పేర్లు ఆ భాషలో కనిపిస్తాయి. ఈసారి వాటిని చదువుదాం.

టెన్షన్ అక్కర్లేదు, వెల్ష్ స్పెల్లింగ్ ఇంగ్లిష్ అంత ఏడిపించదు. డబ్ల్యూ చాలాచోట్ల ‘ఉ’ లేదా ‘ఊ’. ఒక ఎఫ్ ఉంటే ‘వ’, రెండుంటే ‘ఫ’. రెండు ఎల్‌లు పక్కపక్కన వస్తే ‘ల’ అనబోతున్నట్టు నాలుక పెట్టి, గొంతు పలికించకుండా పక్కల నుంచి గాలి ఊదండి. అద్దం ముందు ప్రాక్టీస్ చేస్తే త్వరగా వస్తుంది. ఇక్కడ దాన్ని ‘ల్ల’ అని రాస్తున్నాను.

ఇక ‘అబెర్’. ఏరు వెళ్లి సముద్రంలోనో పెద్ద నదిలోనో కలిసే చోటు. ఇంగ్లిష్‌లో స్వాన్సీ అనే నగరం వెల్ష్‌లో అబెర్‌తావె. తావె నది అక్కడే సముద్రంలో కలుస్తుంది.

ఇప్పుడు రాజధాని కార్డిఫ్ నుంచి టాఫ్ నది వెంట ఎగువకు రండి. అబెర్‌వాన్ కనిపిస్తుంది. ఇక్కడ సముద్రం లేదు. వాన్ అనే వాగు టాఫ్‌లో కలిసే చోటిది, బొగ్గు గనుల ఊరు. గని చెత్తను ఊరి పైనున్న కొండ మీద, నీటి ఊటల మీదే గుట్టగా పోశారు. 1966 అక్టోబర్ 21 ఉదయం ఆ గుట్ట జారి బడి మీద పడింది. 144 మంది చనిపోయారు, వాళ్లలో 116 మంది పిల్లలు. తప్పు గనులు నడిపిన ప్రభుత్వ సంస్థ నేషనల్ కోల్ బోర్డుదేనని విచారణ తేల్చింది. అయినా మిగిలిన గుట్టల్ని తీసేయడానికి బాధితుల విరాళాల నిధి నుంచి లక్షన్నర పౌండ్లు తీసుకున్నారు! ఆ సొమ్ము తిరిగివ్వడానికి 1997 దాకా పట్టింది. దక్షిణ వేల్స్ లోయల్లో అబెర్‌వాన్ పేరు ఎత్తితే ముందు గుర్తొచ్చేది ఇదే.

మిగతావి తేలికే. ‘ల్లన్’ అంటే చర్చి ఉన్న చోటు, ‘పాంట్’ వంతెన, ‘కుమ్’ లోయ.

హోంవర్క్: ల్లన్‌బెరిస్, కుమ్‌బ్రాన్, పాంటర్‌దావె. మూడింటినీ మ్యాప్‌లో వెతికి, విడగొట్టి రాయండి. మూడోదాంట్లో ఉన్న నది మీకు తెలిసిందే, మొదటి అక్షరం మాత్రం మారింది. ఎందుకు మారిందో వచ్చే పాఠంలో.