ల్యూకాస్ పరీక్షలో మసక రావట్లేదా? శాంపిల్‌ని అనుమానించే ముందు ఇవి చూడండి

ఆర్గానిక్ ప్రాక్టికల్స్‌లో రావాల్సింది రాకపోతే పిల్లలు టెన్షన్ పడిపోయి శాంపిలే తప్పనుకుంటారు. మన విశాఖలో మాత్రం ముందు చెమ్మని అనుమానించండి, తర్వాత టెస్ట్ ట్యూబ్‌ని.

సమస్య: ఆల్కహాల్ ప్రైమరీనా, సెకండరీనా, టెర్షియరీనా తేల్చేదే ల్యూకాస్ పరీక్ష. టెర్షియరీ బ్యుటైల్ ఆల్కహాల్‌లో ల్యూకాస్ రీఏజెంట్ కలిపారు. వెంటనే తెల్లగా మసకబారాలి, కానీ ఐదు నిమిషాలైనా తేటగానే ఉంది.

కారణం: ఆ రీఏజెంట్ అంటే గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించిన అనార్ద్ర (నీరు లేని) జింక్ క్లోరైడ్. ఆల్కహాల్‌లోని ఓహెచ్ గ్రూపు ఊడి ఆ చోట క్లోరిన్ చేరితే వచ్చే ఆల్కైల్ క్లోరైడ్ ఆ ద్రావణంలో కరగదు, అందుకే మసక. జింక్ క్లోరైడ్‌కి తేమని పీల్చే గుణం చాలా ఎక్కువ. సముద్రపు గాలి తగిలే ల్యాబ్‌లో మూత సరిగా బిగించకపోతే పొడి ముందు ముద్ద కడుతుంది, తర్వాత సీసా అడుగున జిగట నీరు తేలుతుంది. నీరు చేరిందంటే రీఏజెంట్ బలం పోయినట్టే.

పరిష్కారం: ముద్ద కట్టిన పొడిని పింగాణీ గిన్నెలో కరిగేదాకా వేడిచేసి, డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) చల్లార్చి, ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లని బయటికి లాగే గూడు) కింద కొత్తగా రీఏజెంట్ చేయించండి, ఈ పని ల్యాబ్ అసిస్టెంట్‌ది, మీరు సొంతంగా చేయొద్దు. మీ చేతిలో ఉన్నది ట్యూబ్ పూర్తిగా ఆరబెట్టడం, కడిగిన ట్యూబ్‌ని తడితోనే వాడేవాళ్లే ఎక్కువ. ఒకటి గుర్తుంచుకోండి, ప్రైమరీ ఆల్కహాల్ అయితే గది ఉష్ణోగ్రత దగ్గర మసక రాదు, అది లోపం కాదు.

సమస్య: ఆల్డిహైడ్‌ని గుర్తించే టోలెన్స్ పరీక్షలో ట్యూబ్ గోడకి వెండి అద్దం బదులు నల్లటి మడ్డి.

ట్యూబ్ గోడకి జిడ్డు ఉంటే వెండి అంటుకోదు. వేడి సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో జాగ్రత్తగా కడిగి, చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగండి, ఎందుకంటే కుళాయి నీళ్లలో ఉండే క్లోరైడ్ సిల్వర్ నైట్రేట్‌తో తెల్లటి అవక్షేపం ఇస్తుంది. సిల్వర్ నైట్రేట్‌లో సోడియం హైడ్రాక్సైడ్ వేస్తే వచ్చే గోధుమరంగు అవక్షేపంలో అమ్మోనియా చుక్కచుక్కగా పోస్తూ, అది కరిగీ కరగగానే ఆపేయాలి, ఎక్కువైతే పరీక్ష మందగిస్తుంది. ట్యూబ్‌ని గోరువెచ్చని నీళ్లలో కదపకుండా ఉంచండి. మిగిలిన ద్రావణాన్ని దాచకండి, నిల్వ ఉంటే పేలే పదార్థం ఏర్పడుతుంది, వెంటనే సజల నైట్రిక్ ఆమ్లం పోసి వ్యర్థాల సీసాలో వేయండి.

అయొడిన్, సోడియం హైడ్రాక్సైడ్‌తో చేసే అయొడోఫాం పరీక్షలో అసిటోన్‌కి పసుపు అవక్షేపం రాలేదా? సోడియం హైడ్రాక్సైడ్ ఎక్కువై ఉంటుంది. అయొడిన్ రంగు లేత పసుపుకి దిగేవరకే పోయండి.

ఇక బ్రోమిన్ నీటి రంగు పోయింది కదా అని ఆల్కీన్ (కార్బన్ల మధ్య ద్విబంధం ఉన్న పదార్థం) అని రాసేయకండి, ఫినాల్, అనిలీన్ కూడా పోగొడతాయి, కాకపోతే తెల్లటి అవక్షేపం ఇస్తాయి. తటస్థ ఫెర్రిక్ క్లోరైడ్ ఒక చుక్క వేస్తే ఫినాల్ ఊదారంగులోకి మారుతుంది.