చిన్న హాస్య నాటికను ఏళ్ల తరబడి ఆడించడం ఎలా?

లండన్‌లోని ఇస్లింగ్‌టన్‌లో, ఒక పబ్బు పైన ఉండే ఓల్డ్ రెడ్ లయన్ అనే చిన్న థియేటర్‌లో, మిస్చిఫ్ అనే యువ నాటక బృందం 2012 డిసెంబరులో గంట నిడివి గల హాస్య నాటిక ఒకటి ప్రదర్శించింది. ‘ద ప్లే దట్ గోస్ రాంగ్’గా పెరిగిన ఆ నాటిక 2014 సెప్టెంబరులో లండన్‌లో పెద్ద నాటకశాలలుండే వెస్ట్ ఎండ్‌లోని డచెస్ థియేటర్‌కు చేరి, కరోనా విరామం మినహాయిస్తే ఏళ్ల తరబడి అక్కడే ఆడింది. 2015లో ఉత్తమ నూతన హాస్య నాటకంగా బ్రిటిష్ నాటకరంగపు ఆలివియే పురస్కారం పొంది, 2017లో న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేకూ వెళ్లింది. నాలుగైదు ప్రదర్శనలకే అటకెక్కే హాస్య నాటికలు మన నాటక సమాజాలలో ఎన్నో ఉన్నాయి గనుక ఈ ప్రయాణాన్ని కాస్త నిశితంగా చూడటం మంచిది.

ముందుగా ఇతివృత్తాన్ని ఒక్క వాక్యంలో చెప్పగలరో లేదో చూసుకోండి. ఒక కళాశాల నాటక సంఘం ఎంతో శ్రద్ధగా హత్యా రహస్య నాటకం వేస్తుండగా అడుగడుగునా ఏదో ఒకటి చెడిపోతుంది, కథ అంతే. తలుపు తెరుచుకోదు, శవంగా పడుకున్నవాడి చేతిని ఎవరో తొక్కుతారు, గోడమీది పటం ఊడిపడుతుంది, అయినా పాత్రధారులెవరూ నవ్వించాలని ప్రయత్నించరు. ఎలాగైనా నాటకాన్ని గట్టెక్కించాలన్న వారి ఆరాటం ఎంత నిజాయితీగా కనిపిస్తే ప్రేక్షకులు అంతగా నవ్వుతారు. నటుడు తన జోక్‌కు తానే మురిసిపోయిన క్షణాన ఈ పట్టు సడలుతుంది.

ఒకే తప్పును పెంచుకుంటూ పోవడం ఎలాగో ఇందులోని ఒక సన్నివేశం చక్కగా చూపుతుంది. ఒక నటుడు ముందెప్పుడో చెప్పిన సంభాషణను పొరపాటున మళ్లీ అందించడంతో సన్నివేశం మళ్లీ మొదటికి వస్తుంది. విస్కీ సీసాలో ఉన్నది పెయింటును పలుచన చేసే ద్రావకమని తెలిసినా, సంభాషణ ప్రకారం తాగక తప్పదు. మరోసారి అదే తప్పు, మళ్లీ అదే గ్లాసు. మొదటిసారి వచ్చిన నవ్వు కన్నా ఆ తరువాతి నవ్వు పెద్దది, ఎందుకంటే రాబోయేది ప్రేక్షకుడికి ముందే తెలుసు, తప్పించుకునే దారి పాత్రకు లేదు. మీ నాటికలోనూ కొత్త జోకులు వెతకడానికి ముందు, ఉన్న జోకును ఎన్ని మెట్లు ఎక్కించవచ్చో ఆలోచించండి.

తొలి ప్రదర్శనలకు చిన్న హాలే ఎంచుకోండి. వెనుక వరుసలో ఒకరిని రాతప్రతితో కూర్చోబెట్టి, నవ్వు ఎక్కడ వచ్చింది, ఎక్కడ ఆలస్యమైంది, ఏ నవ్వులో తరువాతి డైలాగు మునిగిపోయింది అన్నవి గుర్తు పెట్టించండి. వరుసగా కొన్ని ప్రదర్శనల్లో నిశ్శబ్దంగా గడిచిన వాక్యాన్ని, రచయిత ఎంత బతిమాలినా సరే, తీసివేయండి. (ముందు వరుసలోని బంధుమిత్రుల నవ్వులను లెక్కలోకి తీసుకోనక్కరలేదు.)

పేరు విషయంలోనూ మొహమాటం వద్దు. ఈ నాటిక మొదటి పేరు ‘ద మర్డర్ బిఫోర్ క్రిస్మస్’. పండుగ దాటాక దానితో టికెట్లు అమ్మడం కష్టం.

నిడివి పెంచడానికి తొందరపడకండి. మిస్చిఫ్ బృందంవాళ్లు 2013లో లండన్‌లోని ట్రఫాల్గర్ స్టూడియోస్‌లో చిన్న వేదిక మీద, ఆపై స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో నాటకోత్సవంలో ఆడిన తరువాతే రెండు అంకాలుగా పెంచి దేశమంతా తిప్పారు. పెంచినప్పుడు కూడా కొత్త కథ అతికించలేదు. పటాలు ఊడిపడిన ఇంట్లో చివరికి మేడ గదే నటులతో సహా ఒరిగిపోతుంది. నాటక పోటీలు నడిపే పరిషత్తుల కోసం గంటకు అటూ ఇటూగా రాసిన నాటికను మనవాళ్లు పూర్తి నాటకంగా మార్చేటప్పుడు ఒక ప్రేమకథనో సందేశాన్నో చొప్పిస్తుంటారు; నా దృష్టిలో హాస్యం పలుచబడేది అక్కడే.

అనుకోకుండా జరిగినట్టు కనిపించే ప్రమాదానికే అన్నిటికన్నా కట్టుదిట్టమైన ఏర్పాటు కావాలి. ఏ మాట దగ్గర ఎవరు ఏ తాడు లాగాలి, అప్పుడు ఎవరు ఎక్కడ నిలబడాలి అన్నవి పుస్తకంలో రాసి, ప్రతి ప్రదర్శనకు ముందూ సరిచూడండి. ఈ నాటకపు సెట్‌కు రూపకర్త నైజెల్ హుక్‌కు అమెరికా నాటకరంగపు టోనీ పురస్కారం వచ్చిందంటే, కూలడంలోని పనితనం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఆ పుస్తకమే తరువాత మీ ఆస్తి అవుతుంది. రచయితలైన హెన్రీ లూయిస్, జొనాథన్ సేయర్, హెన్రీ షీల్డ్స్ మొదట తామే నటించారు. ఆపై ఆ పాత్రలను కొత్త నటులు అందుకున్నారు. ప్రధాన నటుడికి జ్వరం వస్తే ప్రదర్శన రద్దు చేసుకునే పరిస్థితిలో ఏ సమాజమూ ఎక్కువ కాలం నిలవలేదు. కాబట్టి ప్రతి పాత్రకూ మరొకరిని మొదటినుంచే సిద్ధం చేయండి, ఒకరి ముఖకవళికల మీదే ఆధారపడిన నవ్వులను తగ్గించండి.

ఇక హాలు సంగతి. బ్రాడ్‌వేలోని లైసియం థియేటర్‌లో 2019 జనవరిలో ఆట ముగియగానే, మరుసటి నెలలోనే వాళ్లు న్యూ వరల్డ్ స్టేజెస్ అనే చిన్న వేదికకు మారి ఆడించారు. నిండిన చిన్న హాలులో నవ్వు ఒకరినుంచి ఒకరికి అంటుకుంటుంది, సగం ఖాళీగా ఉన్న పెద్ద హాలులో పొడిపొడిగా వినిపించి ఆగిపోతుంది. టికెట్లు తక్కువగా అమ్ముడైన రోజున వెనుక వరుసలకు తాడు కట్టి, వచ్చినవారందరినీ ముందుకు చేర్చిన తరువాతే తెర తీయండి.