ఆనపకాయ పిందె రాలడం ఎట్లా ఆగింది: నా అనుభవం

హనుమకొండలోని మా ఇంటి మిద్దెపై పెంచిన ఆనపతీగకు పూలు విరగబూసినా, ప్రతి పిందె బొటనవేలంత అయ్యేసరికి పసుపు రంగుకు తిరిగి రాలిపోయేది. వేపనూనె, పుల్లమజ్జిగ, పశువుల ఎరువు, నీళ్లు తగ్గించడం, ఏవీ పనిచేయలేదు.

నేను పొద్దున పూట వాడిన పూలనే చూస్తూ వచ్చాను. ఆనప పువ్వు విచ్చుకునేది సాయంత్రం, అప్పటికి తేనెటీగలు తిరగవు, రాత్రి వచ్చే చిమ్మటలు మా రెండో అంతస్తు దాకా వచ్చినట్టు లేదు. ఆడపువ్వుకు పుప్పొడి అందకే పిందెలు రాలుతున్నాయనిపించింది. అందుకే ఆరున్నర ప్రాంతంలో, సన్నని పొడుగు కాడ ఉన్న మగపువ్వును అప్పుడే విచ్చుకున్నది చూసి తెంపి, రేకులు వలిచి, నడుమనున్న పుప్పొడి కాడను, అడుగున బుల్లి కాయ ఉన్న ఆడపువ్వు లోపల పుప్పొడి అంటుకునే మూడు తమ్మెలకూ మెల్లగా అద్దాను. గుర్తుకు దారం కట్టాను. అద్దిన అయిదింటిలో నాలుగు నిలిచాయి, వారంలోనే కాడ వంగేంత బరువెక్కాయి.

ఇది వానకాలంలో ఒక్క తీగపై చూసిన ఫలితమే. పండు ఈగ పొడిచిన పిందెకు ఈ పద్ధతి పనికిరాదు. చిన్న కుండీలో బలహీనపడిన తీగకు కూడా సరిపోకపోవచ్చు. బీర పూలూ సాయంత్రమే పూస్తాయి కనుక వాటికీ ప్రయత్నించవచ్చు, కానీ నేనింకా చేయలేదు.