ప్రతి దినాన్నీ దేవుని పనిగా గడపడం ఎలా?

దేవుడు నన్ను ఎందుకు పుట్టించాడు అని అడిగే యువతీయువకుల్లో చాలామంది ఒక పెద్ద పిలుపు కోసం ఎదురుచూస్తుంటారు. పాస్టరు అయితేనో, సువార్తతో దూరప్రాంతాలకు వెళితేనో తప్ప తమ బతుకుకు ఒక ఉద్దేశం ఏర్పడదని అనుకుంటారు. బైబిలు మాత్రం ఈ సంగతిని దినాల లెక్కన చెబుతుంది. అరణ్యంలో ఇశ్రాయేలీయులు, దేవుడు ఆహారంగా కురిపించిన మన్నాను ఏ రోజుకారోజు ఏరుకున్నారు. విశ్రాంతి దినం కోసం ఉంచుకున్నది తప్ప, మరునాటికి మిగిల్చినది పురుగుపట్టింది. ప్రభువు నేర్పిన ప్రార్థనలో మనం అడిగేది అనుదినాహారమే.

మన డోర్నకల్‌లో ఇది కొత్త మాట కాదు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్‌గా 1912లో అభిషేకం పొందిన అజరయ్య గారు, బాప్తిస్మం పొందినవారి చేత తమ తల మీద తామే చెయ్యి పెట్టుకొని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ, అంటే కీడు, అన్న అపొస్తలుడైన పౌలు మాటను పలికించేవారు. వారిలో ఎక్కువమంది పొలాల్లో కూలి చేసుకునే దళితులు. పిలుపు అందుకోవడానికి వాళ్లు కూలి పని మానలేదు.

1. ఉదయం: ఒక పని, ఒక మనిషి

ఫోను చేతిలోకి తీసుకోకముందే పావుగంట దేవునికి ఇవ్వాలి. పిల్లలకు సద్ది కట్టి, తానూ పనికి వెళ్లవలసిన తల్లికి అంత తీరిక దొరకకపోతే, పొయ్యి మీద అన్నం ఉడికే సేపు చాలు. ఒక చిన్న వాక్యభాగం చదివి, ప్రార్థించి, డైరీలో రెండే రెండు విషయాలు రాసుకోవాలి: ఈ రోజు దేవుని కోసం శ్రద్ధగా చేయవలసిన పని ఒకటి, తప్పక పలకరించవలసిన మనిషి ఒకరు.

రాసేటప్పుడు స్పష్టంగా రాయడం ముఖ్యం. "ఈ రోజు ప్రేమగా ఉంటాను" అని రాస్తే సాయంత్రానికి అది ఎవరికీ గుర్తుండదు. "హన్మకొండ చౌరస్తా నుంచి వచ్చేటప్పుడు పెద్దమ్మ ఇంటికి వెళ్లి, బీపీ గోలీలు అయిపోయాయేమో చూస్తాను" అని రాస్తే అది జరుగుతుంది.

2. పగలు: చేతిలో ఉన్న పనినే అర్పించాలి

ఏమి చేసినా ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయమని కొలొస్సయుల పత్రిక 3వ అధ్యాయంలో పౌలు రాశాడు. ఆ మాట ఎవరితో చెప్పాడో గమనించకుండా మనం తరచూ చదివేస్తాం. అది దాసులతో అన్న మాట. తమ పనిని తాము ఎంచుకునే హక్కే లేనివారితో, మీ పని దేవునికి చేరుతుందని అపొస్తలుడు చెబుతున్నాడు. అలాంటప్పుడు, మనసుకు నచ్చిన ఉద్యోగం వచ్చాక ఉద్దేశంతో బతుకుతానని వాయిదా వేయడానికి మనకు కారణం లేదు.

మా నాన్న చిన్న కిరాణా దుకాణం నడిపేవారు. పప్పు తూచేటప్పుడు త్రాసు ముల్లు సరిగ్గా నడిమికి వచ్చి నిలిచేదాకా ఆగి, ఆ తర్వాత పిడికిట్లో మిగిలిన గింజలను కూడా పళ్లెంలోనే వేసేవారు. కొసరు అడిగించుకోకూడదని ఆయన నియమం. దొంగత్రాసు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథం అంటుంది. ఆయన ఆ వాక్యాన్ని గోడకు తగిలించలేదు, తూకంలో చూపించారు. ఏనుమాముల మార్కెట్లో కాంటా దగ్గర నిలబడే వ్యక్తి అయినా, పిల్లల నోటుపుస్తకాలు దిద్దే టీచరు అయినా, తమ పనిలో ఆ ముల్లు ఎక్కడ నిలవాలో తామే తేల్చుకోవాలి.

మరి పని దొరకని రోజు మాటేమిటి? ఉదయం నుంచి అడ్డా మీద నిలబడి, ఎవరూ పిలవక ఇంటికి తిరిగి వెళ్లే కూలీకి ఈ ప్రశ్న చాలా బరువైనది. మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ఉపమానంలో, సాయంత్రం అయిదింటికి కూడా ఊరికే నిలబడి ఉన్నవారు, తమను ఎవరూ కూలికి పెట్టుకోలేదని చెబుతారు. యజమాని వారిని నిందించలేదు, వారికీ పూర్తి దినం కూలి అయిన దేనారం ఇచ్చాడు. పని లేకనో, జబ్బుపడో గడిచిన రోజును వ్యర్థమైన రోజుగా లెక్కగట్టకూడదని నేను నమ్మడానికి ఆ ఉపమానమే ఆధారం.

3. పొలం అంచులు వదిలిపెట్టాలి

కోత కోసేటప్పుడు పొలం ఓరలను పూర్తిగా కోయకూడదని, కోతలో రాలిన పరిగె ఏరుకోకూడదని, వాటిని బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని లేవీయకాండము 19వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. విధవరాలైన రూతు బతికింది అలాంటి పరిగెతోనే. సమయాన్ని కూడా ఇలాగే ఉంచుకోవాలి. దినమంతా ఇరికించి పనులు పెట్టుకుంటే, దారిలో ఎదురైన మనిషి కోసం ఆగడం కుదరదు. అందుకే రోజుకు అరగంటైనా ఏ పనీ పెట్టుకోకుండా ఖాళీగా ఉంచాలి. వంట చేసే ముందు పిడికెడు బియ్యం కానుకగా తీసిపెట్టే అలవాటు మన సంఘాల్లో చాలామంది తల్లులకు తెలిసినదే; సమయాన్నీ అలాగే ముందే తీసిపెట్టాలి.

4. రాత్రి: లెక్క చూసుకొని నిద్రపోవాలి

సూర్యుడు అస్తమించేలోగా కోపం విడిచిపెట్టమని ఎఫెసీయుల పత్రిక చెబుతుంది కనుక, ముందుగా ఇంట్లో ఎవరితోనైనా మాట పట్టింపు ఉంటే సర్దుకోవాలి. కుటుంబ ప్రార్థన తర్వాత డైరీ తెరిచి, ఉదయం రాసుకున్నవి రెండూ జరిగాయో లేదో చూసి, జరిగినదానికి కృతజ్ఞత చెప్పి, జరగనిదానికి క్షమాపణ అడగాలి. అయిదు నిమిషాలకు మించి ఇందులో కూర్చోవద్దు. ఎక్కువసేపు కూర్చుంటే అది ప్రార్థనగా ఉండక తనను తాను తిట్టుకోవడంగా మారుతుంది.

కొన్ని రోజులు ఏమీ రాయకుండానే గడిచిపోతాయి. అప్పుడు నిన్నటి బాకీని ఈ రోజుకు కలిపి రెండింతలు చేయాలని ప్రయత్నించవద్దు. ఆ పేజీని ఖాళీగానే వదిలి, తర్వాతి పేజీ మీద తెల్లవారి తేదీ వేసి పడుకోవాలి.