పండగ పాట్‌లక్‌కి లో కార్బ్ వంటలు: ఏం చెడతాది, ఎందుకు, ఎట్ల సరిచేసుకోవాల

తిరుపతి అపార్ట్‌మెంట్లలో సంక్రాంతికి తలా ఒక ఐటమ్ చేసుకొచ్చి టెర్రస్ మీద కలిసి తినేది ఇప్పుడు మామూలే. టేబుల్ మీద చూస్తే పులిహోర, చక్కెర పొంగలి, ఓళిగలు, కనుమ అయితే మినప గారెలు, షుగర్ ఉన్నోళ్ళు ప్లేట్ పట్టుకుని ఏం తినాలో తెలీక నిలబడతారు. వాళ్ళ కోసం ఎవరో ఒకరు లో కార్బ్ ఐటమ్, అంటే కార్బ్స్ (పిండి పదార్థాలు) తక్కువుండేది, తెస్తారు, చానా సార్లు అది అట్లే మిగిలిపోతాది. పొయ్యి మీద నుంచి దించినప్పుడు బాగానే ఉంటాది, రెండు గంటలు డబ్బాలో ఉండేసరికి నీళ్ళు ఊరి, మెత్తబడి, చల్లారి ఇంకేదో అయిపోతాది. బియ్యం, మైదా, కార్న్‌ఫ్లోర్ చేసే పని ఒకటుంది, నీళ్ళు పట్టుకోవడం, అవి తీసేసినప్పుడు ఆ పని ఇంకోదానికి అప్పజెప్పాల. కింద రాసినవన్నీ దాదాపు దాని చుట్టే తిరుగుతాయి.

కాలీఫ్లవర్ రైస్ ముద్దయిపోయింది, వాసన కూడా వస్తాంది

ఎక్కువ మంది అడిగేది ఇదే. 100 గ్రాముల కాలీఫ్లవర్‌లో 92 గ్రాములు నీళ్ళే, కార్బ్స్ 5 గ్రాములు (అదే ఉడికిన అన్నంలో 28), అంటే మనం వండేది దాదాపు నీళ్ళని. మిక్సీలో తిప్పితే నలిగి నీళ్ళు బయటికొస్తాయి, ఉప్పు ముందే వేస్తే ఇంకా వస్తాయి, పైన మూత పెడితే ఆవిరికి ఉడికి పేస్ట్ అవుతాది. ఆ వాసన ఎక్కువ సేపు ఉడికించినందుకే, కాలీఫ్లవర్‌లో ఉండే గంధకం అట్ల బయటపడతాది.

తురుముపీటలో పెద్ద రంధ్రాల వైపు తురమండి. తురుముని పల్చటి తెల్లగుడ్డలో వేసి మూటకట్టి సింక్ మీద గట్టిగా పిండితే నీళ్ళు ధారగా కారతాయి, వేళ్ళకి పొడిపొడిగా తగిలేదాకా పిండాల. వెడల్పు కడాయి, పెద్ద మంట, ఒక్కసారికి రెండు గుప్పిళ్ళే, మూత వద్దు, నాలుగైదు నిమిషాలు చాలు, ఉప్పు దించే ముందు. తర్వాత అసలు సంగతి, వేడిది వేడిగా క్యారియర్‌లో పోసి మూత బిగించేస్తే మూతకి పట్టిన ఆవిరి చుక్కలు చుక్కలుగా మళ్ళీ అందులోకే పడతాయి, ఇంత చేసిందీ వృథా. పళ్ళెంలో పరిచి ఆవిరి పోయినాక డబ్బాలో పెట్టి, మూత కింద పొడి గుడ్డ వేయండి. ఆవాలు, ఎండుమిరపకాయ, ఇంగువ, కరివేపాకు తాళింపు ఇంట్లోనే కలిపేయొచ్చు కానీ నిమ్మరసం, వేయించిన చెనిగ్గింజలు వేరే గిన్నెలో తీసుకుపోయి అక్కడ కలపండి, లేకుంటే గింజలు మెత్తబడతాయి. ఇంకోటి, దాన్ని పులిహోర అని చెప్పి వడ్డించొద్దు. పులిహోర అనుకుని నోట్లో పెట్టుకున్నోళ్ళకి నచ్చదు, కాలీఫ్లవర్ అని చెప్పి పెడితే రెండోసారి వేసుకుంటారు.

రాగి సంగటి పెట్టినాం, అయినా షుగర్ పెరిగింది

మన చిత్తూరు తట్టు ఇది చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే సంగటి అంటే షుగర్‌కి మందు అన్నట్టు మాట్లాడతారు. రాగుల్లో పీచు ఉంది, కాల్షియం బాగా ఉంది, బలమైన తిండి, అదంతా నిజమే. కానీ 100 గ్రాముల రాగి పిండిలో కార్బ్స్ 65 గ్రాములు దాటతాయి, పైగా సంగటిలో బియ్యం కూడా వేస్తాం. కొర్రలు, జొన్నలు కూడా ఇదే లెక్క.

సంగటి మానక్కర్లేదు, దాన్ని లో కార్బ్ అనడం మానాల. నిమ్మకాయంత ముద్ద చేసి పక్కన పెట్టి, నాటుకోడి పులుసుని పెద్ద గిన్నెలో పెట్టండి, ముక్కలు ఎక్కువ తినేటట్టు. శాకాహారులకైతే ఈ సీజన్‌లో దొరికే అనపగింజల కూర, పితికిపప్పు ఉన్నాయి. అవీ గింజలే కాబట్టి కార్బ్స్ లేవని కాదు, కాకపోతే పీచు, ప్రోటీన్ తోడుంటాయి, అన్నం లేకుండా ఒక కప్పు తిన్నా కడుపు నిండుతాది.

గ్రేవీ నీళ్ళు నీళ్ళుగా ఉంది, లేదా పెరుగు విరిగిపోయింది

హోటల్ గ్రేవీ చిక్కగా ఉండేది కార్న్‌ఫ్లోర్ వల్లో జీడిపప్పు వల్లో. కార్న్‌ఫ్లోర్‌లో నూటికి 90 వంతులు కార్బ్సే, జీడిపప్పులో 30. చెనిగ్గింజల్లో 16, అందులో సగం పీచు, ధర కూడా తక్కువ. కాబట్టి వేయించిన చెనిగ్గింజలు, నువ్వులు, పచ్చి టెంకాయ మెత్తగా రుబ్బి వేయండి, పనీర్‌కీ వంకాయకీ చికెన్‌కీ ఒకే ముద్ద సరిపోతాది. ఎర్రగడ్డలు తగ్గించి టమోటా కొంచెం పెంచండి, మదనపల్లె టమోటా మనకి దగ్గరే కదా.

పెరుగు విరిగేదానికి కారణం వేడి. మామూలుగా చిటికెడు శనగపిండి కలిపితే పెరుగు నిలబడతాది, పిండి మానేసినాక ఆ ఆధారం పోతాది. మీగడ తీయని పెరుగుని బాగా చిలికి, స్టవ్ ఆపి, కూర ఉడుకు తగ్గినాక కొంచెం కొంచెంగా కలపండి, మళ్ళీ మరిగించొద్దు. అక్కడ పోయినాక వేడి చేయాల్సి వస్తాదంటే పెరుగు బదులు టెంకాయ పాలే మేలు, అదీ సన్న మంట మీద.

పనీర్ రబ్బరైతే ఎక్కువ సేపు ఉడికిందని అర్థం. ముక్కల్ని ఉప్పు వేసిన వేడినీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, చివర్లో వేసి దించేయండి.

చికెన్ 65 మెత్తబడింది

మైదా, కార్న్‌ఫ్లోర్ లేకుండా చేసిన 65 రెండు గంటలు కరకరలాడదు, ఎంత కష్టపడినా అంతే. పాట్‌లక్‌కి మిరియాల వేపుడు చేసుకోండి, కరకరలాడాల్సిన పని లేదు కాబట్టి చల్లారినా రుచి తగ్గదు. పుట్టగొడుగులతో కూడా ఇట్లే, కాకపోతే వాటి నీళ్ళన్నీ పెద్ద మంట మీద ఇగిరినాకే ఉప్పు, మిరియాలు వేయాల. వేపుడు పొడిగా ఉండాల, అడుగున నూనె తప్ప నీరు కనిపించకూడదు.

గుడ్లు పొట్టు రావట్లేదు, పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత

అంగడి నుంచి అప్పుడే తెచ్చిన తాజా గుడ్లు సరిగా ఒలవలేం, నాలుగైదు రోజుల ముందు కొని ఫ్రిజ్‌లో పెట్టండి. ఆకుపచ్చ గీత ఎక్కువ ఉడికినందుకు, హాని ఏం లేదు, చూసేదానికే బాగుండదు. మరిగే నీళ్ళలో పది నిమిషాలు, వెంటనే చల్లనీళ్ళలోకి. సగానికి కోసి, సొనలో ఊరిమిండి (చెనిగ్గింజల పచ్చడి) కలిపి నింపితే ప్లేట్ ముందు ఖాళీ అయ్యేది ఇదే. ప్లేట్‌లో జారకుండా ఉండాలంటే ముక్క అడుగున పల్చగా చెక్కి చదును చేయండి.

షుగర్ లేని స్వీట్ గరగరా అంటాంది

చక్కెర బదులు వేసే ఎరిత్రిటాల్ అనే తీపి పొడి వాడుంటారు, అది చల్లారితే మళ్ళీ పలుకులు కడతాది, నోట్లో చల్లగా కూడా అనిపిస్తాది. మిక్సీలో మెత్తగా పొడి కొట్టి, తక్కువ వేసి, ఏలకులు, వేయించిన టెంకాయ కోరు ఎక్కువ వేస్తే కొంత తగ్గుతాది. బెల్లం, తేనె, ఖర్జూరం వేసి షుగర్‌ఫ్రీ అనడం మాత్రం దయచేసి వద్దు, ఖర్జూరంలో నూటికి 70 పైన కార్బ్సే. నా మాట అడిగితే స్వీట్ వదిలేయండి, ఆ శ్రమ ఇంకో కూర మీద పెట్టండి.

తిన్నాయన చెమటలు పట్టి, వణుకుతా కూర్చున్నాడు

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇన్సులిన్, ఇంకా కొన్ని షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు రోజూ తినే అన్నం ఒక్కసారిగా మానేసి ఇవే తింటే షుగర్ బాగా పడిపోవచ్చు. స్పృహలో ఉండి మింగగలిగితే వెంటనే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి, 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూడండి, తగ్గకపోతే ఇంకోసారి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. అందుకే టేబుల్ మీద మామూలు అన్నం కూడా కొంచెం ఉండాల, మీ డబ్బా మీద అందులో ఏమేం వేశారో ఒక చీటీ అంటించండి, చెనిగ్గింజలు పడనివాళ్ళకి కూడా అది పనికొస్తాది.