చాకుకు మెరుగు పెట్టేటప్పుడు: వాదర ఎటు ఉందో చూసుకోండి

ఆయుధ పూజ దగ్గర పడుతున్నదంటే వర్క్‌షాపుల్లోనూ ఇళ్లలోనూ పనిముట్లు తుడిచి మెరుగు పెట్టే పని మొదలవుతుంది. సుత్తులకు, స్పానర్లకు తుప్పు వదిలించి నూనె రాస్తే సరిపోతుంది గాని, జేబులో పెట్టుకుని తిరిగే మడత చాకు విషయంలో కుర్రవాళ్లు అంతటితో ఆగడం లేదు. మసకగా ఉన్న బ్లేడును అద్దంలా చేయాలనో, పైనున్న నల్లపూత తీసి తెల్లని ఉక్కు బయటపెట్టాలనో నేరుగా బఫింగ్ చక్రం (మెరుగు పెట్టే గుడ్డ చక్రం) ముందుకు వెళ్తున్నారు. ఇటీవల మా వీధి చివరి వెల్డింగ్ దుకాణంలో ఇలాగే మెరుగు పెడుతున్న ఒక యువకుని చేతిలోంచి చాకును చక్రం లాగేసుకుంది. అది అతని అరచేతిని అడ్డంగా చీల్చి, బల్ల కింద ఆనించి ఉన్న ప్లైవుడ్ చెక్కలో దిగబడింది. చక్రం గుడ్డ మీద పొరలను తెగ్గోసిన గాటు ఒకటి స్పష్టంగా కనిపిస్తున్నది. చాకు ఎలా పోయిందో ఆ గాటే చెబుతున్నది.

కళ్లద్దాలు పెట్టుకోవాలని, పిల్లలను దూరంగా ఉంచాలని అందరికీ తెలుసు కనుక వాటిని ఇక్కడ వివరించను. చేతులు పోగొట్టుకున్నవారిలో నేను చూసిన పొరపాటు ఒక్కటే: చక్రం తిరిగి వచ్చే దిక్కుకు చాకు వాదరను, అంటే పదునైన అంచును, ఎదురుగా పెట్టడం.

వాదర ఎప్పుడూ కిందికే

సానచక్రానికి భయపడేవారు కూడా గుడ్డ చక్రం మెత్తగా ఉంటుంది కదా అని దానికి భయపడరు. నిజానికి ప్రమాదం ఆ మెత్తదనంలోనే ఉంది. గట్టి రాయి మీద వాదర తగిలితే సాధారణంగా రాపిడి పుట్టి జారుతుంది. గుడ్డ చక్రంలోకైతే పొరలను కోసుకుంటూ లోపలికి దిగి ఇరుక్కుంటుంది. మామూలు బెంచ్ గ్రైండర్ నిమిషానికి సుమారు 2,800 సార్లు తిరుగుతుంది. దానికి 150 మిల్లీమీటర్ల చక్రం బిగిస్తే, ఆ చక్రం అంచు గంటకు దాదాపు 80 కిలోమీటర్ల వేగంతో కదులుతున్నట్లు లెక్క. పట్టు తప్పిందని మనకు తెలిసేలోపే చాకు చేతిలోంచి పోయి ఉంటుంది.

చక్రం పైభాగం మనవైపు వచ్చి, ముందు భాగంలో కిందికి దిగుతుంది. అందువల్ల బ్లేడును చక్రం నడిమి ఎత్తుకు కొంచెం దిగువన, వెన్ను పైకి, వాదర కిందికి ఉండేటట్లు ఆనించాలి. అప్పుడు గుడ్డ వెన్ను మీదుగా వచ్చి వాదర మీదుగా వెళ్లిపోతుంది, కోసుకోవడానికి దానికి ఏమీ దొరకదు. మొదటి ముఖానికి మెరుగు పెట్టేటప్పుడు ఇది దాదాపు అందరూ సరిగానే చేస్తారు. చేతులు తెగేది రెండో ముఖం దగ్గర. పిడిని కుడిచేతిలోనే ఉంచుకుని మణికట్టు తిప్పి రెండో ముఖాన్ని చక్రానికి ఆనిస్తే, వాదర దానంతటదే పైకి వచ్చేస్తుంది. అది చాలా సహజమైన కదలిక కనుక, చేస్తున్నవారికి అందులో తప్పున్నట్లు తోచదు. రెండో ముఖానికి పిడిని తప్పనిసరిగా ఎడమచేతికి మార్చుకోవాలి, మొన కుడివైపుకు రావాలి, వాదర మాత్రం కిందికే ఉండాలి. మోటారు ఆపి ఉన్నప్పుడే రెండు చేతులతోనూ ఈ మార్పిడిని అలవాటు చేసుకోండి.

చక్రం అవసరమా అన్నది ముందు ఆలోచించండి

మూడంగుళాల బ్లేడుకు చక్రం లేకుండానే అద్దపు మెరుపు వస్తుంది. చాకును చెక్క పలక మీద పడుకోబెట్టి, మొన పలక దాటి బయటికి రాకుండా క్లాంపుతో బిగించి, చదునైన చెక్క ముక్కకు వాటర్ పేపర్ చుట్టి రుద్దాలి. 400 నంబరుతో మొదలుపెట్టి 600, 800, 1000, 1500, 2000 వరకు వెళ్లాలి. ప్రతి నంబరుకూ రుద్దే దిక్కును కొంచెం ఏటవాలుగా మార్చితే, ముందటి నంబరు గీతలు పూర్తిగా పోయాయో లేదో వెలుతురులో కనబడుతుంది. చివరికి తోలు ముక్క మీద పాలిష్ పేస్టు రాసి తుడిస్తే చాలు. సన్నని గీతలున్న సాటిన్ ముగింపే కావాలనుకుంటే 600 దగ్గర ఆగి, ఆఖరున పిడి నుంచి మొన వరకు ఒకే దిక్కులో లాగితే సరిపోతుంది.

ఈ ఓపిక లేకపోవడమే ప్రమాదానికి దారి తీస్తుంది. 400 నంబరు గీతలు అలాగే ఉండగా చక్రానికి ఆనిస్తే ఆ గీతలు పోవు, మెరుస్తూ మరింత స్పష్టంగా కనిపిస్తాయి. అవి పోవడం లేదని మనిషి ఇంకా గట్టిగా నొక్కుతాడు. గట్టిగా నొక్కిన బ్లేడు కొంచెం పక్కకు వాలినా వాదర గుడ్డకు దొరుకుతుంది.

మెరుగు ముందు, పదును చివర. ఇప్పటికే పదునుగా ఉన్న చాకైతే, పని మొదలుపెట్టే ముందు వాదరను సానరాయి మీద నిలువుగా ఆనించి రెండు మూడు సార్లు లాగి మొద్దు చేయండి. పోయిన పదును మళ్లీ వస్తుంది. చేత్తో రుద్దేటప్పుడు వాదరకు టేపు చుట్టవచ్చు గాని చక్రం మీద టేపు వద్దు, దాని కొస ఊడితే చక్రం పట్టుకుని లాగుతుంది.

మడత కీలు సంగతీ మరచిపోకూడదు. మడిచినప్పుడు 91 మిల్లీమీటర్లుండే విక్టోరినాక్స్ (స్విస్ కంపెనీ) వంటి చాకులకు బ్లేడును నిలిపే తాళం ఉండదు, స్ప్రింగు బిగువు మాత్రమే ఉంటుంది. వెన్ను మీద బలంగా నొక్కితే బ్లేడు వేళ్ల మీదికి మూసుకుంటుంది. ఒపినెల్ (ఫ్రెంచి కంపెనీ) చాకుల్లో 6వ నంబరు సైజు నుంచి తిప్పి బిగించే కట్టు ఉంటుంది. దానిని బిగించాకే పని మొదలుపెట్టండి. స్క్రూలున్న చాకైతే బ్లేడును విడదీయడం మేలు. రివెట్లున్న దానిని విడదీయాలని చూడకండి.

ఇక మిగిలినవి

చక్రం ముందు చేతి తొడుగులు వేసుకోవద్దు. చక్రానికి తొడుగు దొరికితే చేయి కూడా దానితోపాటే పోతుంది.

చున్నీ, కండువా, పొడుగు చేతుల చొక్కా, విప్పిన జుట్టు, చేతి కడియం: ఏదీ ఉండకూడదు.

యాంగిల్ గ్రైండరుకు గుడ్డ చక్రం బిగించవద్దు. నాలుగంగుళాల యంత్రాలు చాలావరకు నిమిషానికి 10,000 సార్లకు పైగా తిరుగుతాయి. ఆ వేగానికి తగినదని చక్రం మీద రాసి లేకపోతే దానిని ముట్టుకోనేవద్దు.

డ్రిల్ మిషనును ఒక చేత్తో, చాకును మరో చేత్తో పట్టుకుని మెరుగు పెట్టవద్దు.

బ్లేడు వేళ్లకు వేడిగా తగిలిన వెంటనే నీళ్లలో ముంచండి. మొన పలచన కనుక ముందుగా కాలేది అదే. కార్బన్ ఉక్కు మీద గడ్డి రంగు కనిపించిందంటే వేడి 200 డిగ్రీల సెల్సియస్ దాటినట్లు, నీలం వచ్చిందంటే 300 దగ్గరికి చేరినట్లు. నీలం తేలిన చోట గట్టిదనం తగ్గిపోతుంది, పైరంగును రుద్ది తీసేసినా అది తిరిగి రాదు.

నల్లపూతను పోగొట్టడానికి బాత్‌రూము ఆమ్లం వాడకండి. ఆ ఆమ్లాన్ని బ్లీచింగ్ పౌడరుతో ఎన్నడూ కలపకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది.

స్టెయిన్‌లెస్ ఉక్కు ధూళిలో క్రోమియం ఉంటుంది. పొడిగా రుద్దవద్దు, తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి.

తుడిచేటప్పుడు గుడ్డను వెన్ను వైపు నుంచి పట్టుకుని వాదర వైపుకు తుడవండి. వాదర వెంబడి వేళ్లు జార్చవద్దు.

కీలులో చేరిన పాలిష్ సబ్బును కడిగి, ఆరబెట్టి, ఒక చుక్క కుట్టు మిషను నూనె వేయండి.

మాట్లాడుతూ చేయవద్దు. ఫోనులో చిత్రీకరిస్తూ అసలే చేయవద్దు.

చక్రం చాకును లాగితే పట్టుకోవడానికి చేయి చాపవద్దు. వదిలేసి పక్కకు తప్పుకోండి.

రెండో ముఖానికి తిప్పే ముందు చాకును చక్రానికి దూరంగా తెచ్చి, వాదర ఎటు ఉందో కళ్లతో చూడండి. ప్రతిసారీ చూడండి. వాదర కిందికే.

చేయి తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచండి. లోపల దిగిన ముక్కను బయటికి లాగవద్దు. రక్తం ఆగినంత మాత్రాన ఇంట్లో కట్టు కట్టి ఊరుకోవద్దు. ఒక్కో వేలినీ వంచి, చాచి చూడాలి. ఏ వేలైనా వంగకపోయినా, చాచలేకపోయినా, కొసన స్పర్శ తెలియకపోయినా స్నాయువో నరమో తెగి ఉండవచ్చు కనుక, కుట్లు వేసి పంపే చిన్న క్లినిక్కుకు కాకుండా శస్త్రచికిత్స జరిగే ఆసుపత్రికి ఆ రోజే వెళ్లండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో అక్కడి వైద్యునికి చెప్పండి.